పిల్లిని సంచిలో పెట్టేముందు అలర్జీ టెస్ట్ సరిగ్గా చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వానాకాలం జాగ్రత్తలు అని వేశారు కదండి, అందులో ఆరోదో ఏడోదో పాయింటు, ఇంట్లో ఎవరికైనా తుమ్ములు, ఆయాసం ఉంటే కుక్కల్ని పిల్లుల్ని ఇంట్లో ఉంచొద్దు అని. అంతే, ఒక్క లైను. ఎందుకో లేదు, ముందు డాక్టర్‌కి చూపించండి అన్న మాట కూడా లేదు. చదివేవాళ్ళకి అది చిన్న లైనే కానీ సరిగ్గా ఆ మాటే నమ్మి మూడేళ్ళ కిందట మా ఇంట్లో ఒక జీవాన్ని గోనె సంచిలో పెట్టి పంపేశాం, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నా. పొడుగవుతుంది, ఏమనుకోకండి, కుదిరితే మొత్తం వేయండి.

మాది తెనాలి. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా చిట్టి తెల్ల పిల్లి, చెవుల దగ్గర మాత్రం గోధుమ రంగు, ఒక పెద్ద వానలో మా స్కూటీ కవర్ కింద దూరి అరుస్తుంటే మా బాబే లోపలికి తెచ్చాడు, అప్పుడు వాడు ఒకటో క్లాసు. మూడో క్లాసుకొచ్చేసరికి వాడికి జలుబు అనేది తగ్గడం మానేసింది. పొద్దున లేస్తూనే వరసగా పది పన్నెండు తుమ్ములు, కళ్ళు నులుముకోవడం, అరచేత్తో ముక్కుని కింద నుంచి పైకి రుద్దుకోవడం, అలా రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది కూడా. రాత్రిళ్ళు దగ్గు. ఊళ్ళో డాక్టర్ గారు స్టెత్ పెట్టి చూసి పిల్లికూతలు వస్తున్నాయమ్మా అన్నారు.

ఇక్కడే మా ఇంట్లో సగం కేసు తేలిపోయింది. మా అత్తగారు ఆ మాట వినగానే నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, ఆ పిల్లి వల్లే అన్నారు. ఊపిరి తీసి వదిలేటప్పుడు గొట్టాలు బిగుసుకుని సన్నగా కూతలాగా వస్తుంది కాబట్టి మన వాళ్ళు దానికి పిల్లికూతలు అని పేరు పెట్టుకున్నారు, దానికీ ఇంట్లో తిరిగే పిల్లికీ ఏ సంబంధం లేదు, ఇంట్లో పిల్లి పేరెత్తని వాళ్ళ పిల్లలకి కూడా వస్తాయి. కానీ ఆ పేరే మాకు తీర్పు అయిపోయింది. పెద్దావిడ్ని నేనేం తప్పు పట్టట్లేదు, పిల్లాడి మీద ప్రేమతో అన్న మాట అది.

ఆ తర్వాత ఎవరో చెప్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే వాళ్ళతో అలర్జీ ప్యానెల్ అని చేయించాం, 6,500 రూపాయలు తీసుకున్నారు, 200 పైచిలుకు ఐటమ్స్‌తో పుస్తకంలాంటి రిపోర్ట్ పంపారు. అందులో వంకాయ పాజిటివ్, వేరుశనగ పాజిటివ్, కందిపప్పు, అరటిపండు, దుమ్ము, బొద్దింక, పిల్లి అన్నీ పాజిటివ్. డాక్టర్ ఎవరూ లేరు, సంతకం మాత్రం ఉంది, కింద ఎరుపు అక్షరాల్లో వీటికి దూరంగా ఉండండి అని ఉంది. పిల్లికి 0.42 అని పక్కన క్లాస్ 1 అని రాశారు. పాజిటివ్ అని ఉంది కదా, ఇంకేం చూస్తాం. పప్పు మానేశాం, వేరుశనగ పచ్చడి మానేశాం, ఎదిగే పిల్లాడికి నెలల తరబడి ఏం పెట్టాలో తెలీక అన్నం పెరుగుతో నెట్టుకొచ్చాను. బాబు స్కూల్లో ఉండగా మా వారు చిట్టిని సంచిలో పెట్టి ఊరి బయట రైస్ మిల్లు దగ్గర వదిలి వచ్చారు, ఎలకలుంటాయి బతుకుతుందిలే అనుకున్నాం. వాడు ఇంటికొచ్చి వెతికి వెతికి ఏడ్చి ఆ రాత్రి ఆయాసం ఎక్కువై నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది.

నెల రోజులైంది, తగ్గలేదు. రెండు నెలలైంది, తగ్గలేదు. అప్పుడు మా స్కూల్లో తోటి టీచర్ ఒకావిడ గుంటూరులో అలర్జీ, ఊపిరితిత్తులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి అంటే వెళ్ళాం.

ఆవిడ మా పుస్తకం రిపోర్ట్ ముట్టుకోలేదు ముందు. ముక్కు మీద గీత చూసి ఇది ఎన్నాళ్ళుగా ఉంది అని అడిగారు. తుమ్ములు ఏ టైమ్‌లో, ఏ గదిలో, స్కూల్లో ఉంటాయా ఉండవా, పక్క ఎవరు దులుపుతారు, దులిపేటప్పుడు వాడెక్కడుంటాడు, పిల్లిని ఎత్తుకున్న పది నిమిషాల్లో ఏమైనా అయ్యేదా, అది నాకితే చర్మం మీద దద్దుర్లు లేచేవా, సెలవులకి ఎక్కడికెళ్తాడు, అక్కడ ఎలా ఉంటాడు. నేను జవాబు చెప్తూ చెప్తూ ఒక చోట ఆగిపోయాను. ఎందుకంటే ఎండాకాలం సెలవుల్లో మా అమ్మగారి ఊళ్ళో వాడు నెల పైన ఉంటాడు, అక్కడ గొడ్ల సావిడి, గడ్డివాము, ఇంట్లో నాలుగు పిల్లులు, వాటితోనే పడుకుంటాడు, అక్కడ ఒక్క రోజు కూడా తుమ్మలేదు. అమ్మ వాళ్ళింట్లో వాడు పడుకునేది నులక మంచం మీద దుప్పటి వేసుకుని. మా ఇంట్లో పడుకునేది మా పెళ్ళినాటి బూరుగు దూది పరుపు మీద. బయాలజీ టీచర్ని, ఇది నాకు తట్టలేదు. రిపోర్ట్‌లో అంకెలు చూశాను కానీ నా పిల్లాడి సంగతి నేను చూడలేదు.

మూడు వారాలు నోట్‌బుక్‌లో రాయమన్నారు, తుమ్ములు ఎప్పుడు, ఎక్కడ, ఆ ముందు గంట ఏం చేశాడు, ఏం మందేశాం. పాల లెక్క రాసుకునే నోట్‌బుక్‌లోనే రాశాను. అది రాశాకే ప్రిక్ టెస్ట్ అని చర్మం మీద చేసే అలర్జీ పరీక్ష పెట్టుకున్నాం. టెస్ట్‌కి ముందు వారం రోజులు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, అవిల్ లాంటి అలర్జీ మందులు ఏవీ వేయకూడదు, మామూలు జలుబు దగ్గు సిరప్పుల్లో కూడా అలాంటి మందే ఉంటుంది కాబట్టి అవీ వద్దన్నారు, పీల్చే ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు అన్నారు. ఏ మందు ఆపాలో ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోకూడదు, అది డాక్టరే చెప్పాలి, ఆయాసం బాగా ఉన్న రోజున అసలు టెస్టే చేయరు.

చేసేది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మోచేతి కింద లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెట్టి ఒక్కో గుర్తు పక్కన ఒక్కో చుక్క వేసి, చిన్న ములుకుతో చర్మం పైపొరని అలా తాకిస్తారు, రక్తం కూడా రాదు. ఆ చుక్కలు అనుమానం ఉన్న వస్తువుల సారాలు, వాటితో పాటు ఒకటి ఉట్టి సెలైన్ అంటే ఉప్పునీళ్ళు, ఒకటి హిస్టమిన్ అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో దద్దురు లేపే పదార్థం. సెలైన్ దగ్గర పొంగకూడదు, హిస్టమిన్ దగ్గర పొంగి తీరాలి, ఈ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతా చుక్కలకి లెక్క. 15, 20 నిమిషాలు ఆగి దోమ కుట్టినట్టు లేచిన పొంగుల్ని స్కేలు పెట్టి కొలుస్తారు, సెలైన్ దగ్గర దానికంటే 3 మిల్లీమీటర్లు గానీ ఇంకా ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్. చార్లెస్ బ్లాక్లీ అని ఇంగ్లండ్ డాక్టర్ తన చర్మం మీదే గీరుకుని గడ్డి పుప్పొడి రాసుకుని చూసి 1873లో రాశాడు, అంటే ఈ ఆలోచనకి 150 ఏళ్ళు పైనే. అంత పాతదీ అంత తేలికదీ. మా వాడికి హిస్టమిన్ 5, సెలైన్ 0, పరుపుల్లో దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే కంటికి కనపడని పురుగుకి 9, బొద్దింకకి 4. పిల్లికి సున్నా.

మరి రక్తం రిపోర్ట్‌లో పిల్లి పాజిటివ్ అని ఎందుకొచ్చింది అని నేనే గట్టిగా అడిగాను, కోపంతోనే అడిగాను. ఆవిడ నెమ్మదిగా చెప్పారు. రక్తంలో చూసేది ఐజీఈ అనే యాంటీబాడీని, 1966, 67 ప్రాంతంలో అమెరికాలో పని చేస్తున్న ఇషిజాకా అనే జపాన్ దంపతులు ఒకవైపు, స్వీడన్ వాళ్ళు ఇంకోవైపు కనిపెట్టిన యాంటీబాడీ. 0.35 దాటితే పాజిటివ్ అని వేసేస్తారు. కానీ పాజిటివ్ అంటే ఒంట్లో ఆ వస్తువుని గుర్తుపట్టే యాంటీబాడీ ఉంది అని మాత్రమే, దానివల్ల జబ్బు వస్తోందని కాదు. చాలామందికి అంకె ఉంటుంది, పిల్లితో ఉన్నా ఏమీ కాదు. అంకె ఎంత ఎక్కువుంటే నిజంగా పడకపోయే అవకాశం అంత ఎక్కువ అంతేగానీ 0.42 లాంటి దానికి పక్కన కథ కలవకపోతే విలువ లేదు. మొత్తం ఐజీఈ ఎక్కువుందని భయపెడతారు చూడండి, అది కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది. అంటే ఆ రక్త పరీక్ష తప్పు అని కాదు, ఒళ్ళంతా ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉన్నవాళ్ళకి, మందులు ఆపలేని వాళ్ళకి, గీరితే చాలు చర్మం పొంగేవాళ్ళకి అదే చేయాలి. అడగాల్సిన నాలుగైదు అడగకుండా 200 అడగడమే తప్పు. వంకాయ, పప్పు, వేరుశనగ ఆ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టమన్నారు, వాడు అవి ముందు ఏళ్ళ తరబడి తిన్నవే, ఎప్పుడూ ఏం కాలేదు.

పిల్లిని పంపేశాక రెండు నెలలైనా తగ్గలేదు కదా, దాన్నిబట్టే పిల్లి కాదని తెలిసిపోవాలిగా అని మా వారు అన్నారు. అదీ కాదట. పిల్లి పడకపోవడం అంటే వెంట్రుక పడకపోవడం కాదు, దాని లాలాజలంలో, చర్మపు గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్ పడకపోవడం. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు ఆ ప్రోటీన్ బొచ్చుకి అంటుకుని, ఎండి చుండ్రులాగా రాలి గాల్లో గంటల తరబడి తేలుతుంది, సోఫాలకి గోడలకి పట్టుకుంటుంది, బట్టల మీద స్కూళ్ళకి కూడా వెళ్తుంది. పిల్లి వెళ్ళిపోయాక ఇంట్లో ఆ ప్రోటీన్ తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి పదిహేను రోజులు పక్కింట్లో ఉంచి చూశాం తగ్గలేదు అని పిల్లిని నిర్దోషి అనడానికీ లేదు, ఆ వారంలోనే తగ్గింది అని దోషి అనడానికీ లేదు. జంతువుని పంపించి చూడటం అసలు పరీక్షే కాదు అని అప్పుడు అర్థమైంది. కావాలంటే మనిషే కొన్నాళ్ళు వేరే చోట ఉండి చూడొచ్చు, మా అమ్మగారి ఊరు మాకు తెలియకుండానే చేసిపెట్టింది అదే.

పాత పరుపు తీసేశాం, దిండ్లకి జిప్ కవర్లు, దుప్పట్లు వారం వారం బాగా వేడి నీళ్ళల్లో, ముక్కులో స్ప్రే, ఇన్‌హేలర్ స్పేసర్ అనే గొట్టంతో. రెండు నెలల్లో రాత్రి దగ్గు పోయింది. ఇప్పుడు ఏడో క్లాసు, కబడ్డీ ఆడుతున్నాడు. రైస్ మిల్లు దగ్గరికి వెళ్ళి నాలుగు ఆదివారాలు వెతికాం, అక్కడి హమాలీలని అడిగాం, చిట్టి కనపడలేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, ఇంకో పిల్లి కావాలని కూడా అడగలేదు.

ఇదంతా చదివి పెంపుడు జంతువులు ఏం చేయవు, అదంతా ఉత్తి భయం అని ఎవరైనా అనుకుంటే అదీ ప్రమాదమే, అందుకే మా చెల్లెలి సంగతి కూడా రాయాలి. తను హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఉంటుంది, షిట్జు కుక్కని కొనుక్కుంది, మగది. వీటికి బొచ్చు రాలదు, అలర్జీ రాదు అని అమ్మినవాళ్ళు చెప్పారు. అమెరికాలో ఒబామా గారి పెద్దమ్మాయికి అలర్జీ ఉందని 2009లో వెతికి వెతికి పోర్చుగీస్ వాటర్ డాగ్‌ని తెచ్చుకున్నప్పటి నుంచి ఈ మాట బాగా పాకింది. కానీ 2011లో ఆ అమెరికాలోనే డెట్రాయిట్‌లో పరిశోధకులు కుక్కలున్న ఇళ్ళల్లో దుమ్ము తీసి కొలిస్తే అలర్జీ రాదని చెప్పే జాతులున్న ఇంటికీ మామూలు జాతులున్న ఇంటికీ తేడా కనపడలేదు. బొచ్చు రాలకపోయినా లాలాజలం, చర్మపు పొట్టు ఉంటాయి కదండి.

చెల్లికి కుక్క నాకిన చోటల్లా ఎర్రగా దద్దుర్లు, అది ఒళ్ళో కూర్చుంటే కళ్ళు దురద, రాత్రి ఆయాసం. ఒకచోట ప్రిక్ టెస్ట్ చేయించుకుంది, అన్నీ నెగెటివ్, మీకు అలర్జీ లేదు, టెన్షన్ వల్ల అని పంపేశారు. ఏడాది పాటు టెన్షన్ తగ్గడానికి తిరిగింది పాపం. ఒకసారి ఆ రిపోర్ట్ ఫోటో నాకు పెడితే చూశాను, హిస్టమిన్ దగ్గర కూడా సున్నా! ముందు రాత్రి వరకు లెవోసెట్రిజిన్ వేసుకుంటూనే ఉంది, ఆపమని ఎవరూ చెప్పలేదు. హిస్టమిన్ పొంగనప్పుడు ఆ టెస్ట్ మొత్తం చెల్లదు, అది నెగెటివ్ కాదు, టెస్ట్ జరగనట్టే. వేరే డాక్టర్ దగ్గర మందు ఆపి మళ్ళీ చేయిస్తే హిస్టమిన్ 5, కుక్క 7. ఊదించే స్పైరోమెట్రీలో ఆస్తమా కూడా బయటపడింది. మగ కుక్కల్లో ప్రొస్టేట్ గ్రంథిలో తయారయ్యే ఒక ప్రోటీన్ ఉంటుందట, కొంతమందికి అదొక్కటే పడదు, అలాంటి వాళ్ళు ఆడకుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలరు, దానికి వేరే రక్త పరీక్ష ఉంది, పెద్ద ల్యాబుల్లో చేస్తారు. చెల్లికి అదొక్కటే కాదు, మిగతా కుక్క ప్రోటీన్లు కూడా పడవని తేలింది. అప్పుడు తను ఏడ్చుకుంటూనే కానీ తెలిసి నిర్ణయం తీసుకుంది, కుక్కని మంగళగిరిలో మా తమ్ముడి ఇంటికి పంపింది, అక్కడ హాయిగా ఉంది, వీడియో కాల్‌లో చూసుకుంటుంది. చిట్టిని మేం పంపిన పద్ధతికీ దీనికీ ఎంత తేడానో చూడండి.

ఇంకో రెండు సంగతులు చెప్పి ఆపేస్తా. హాస్టల్లో ఉండి చదివే పిల్లలు సంక్రాంతికి ఇంటికొచ్చి తుమ్మడం మొదలుపెడతారు, ఇన్నేళ్ళు ఇదే పిల్లితో పెరిగింది ఇప్పుడేంటి అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేస్తారు. రోజూ దగ్గరున్నప్పుడు ఒళ్ళు కొంచెం ఓర్చుకుని, నెలల తరబడి దూరంగా ఉండొచ్చాక ఎక్కువగా తిరగబడటం ఉంటుంది. కానీ అదే వారంలో భోగి మంట పొగ, అటక మీద సామాను దులపడం, కొత్త సున్నాలు అన్నీ ఉంటాయి, అందుకని రెండు వైపులా తొందరపడకూడదు, మళ్ళీ ఆ నోట్‌బుక్కే.

పావురాలు ఇంకో రకం. మా అపార్ట్‌మెంట్లో ఒక పెద్దావిడ బాల్కనీలో రోజూ గింజలు వేస్తారు, ఆవిడకి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం. పావురాల రెట్ట, ఈకల పొడి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఐజీఈతో వచ్చేది కాదు, ప్రిక్ టెస్ట్ దాన్ని పట్టుకోలేదు, అక్కడ అలర్జీ నెగెటివ్ అంటే ఏమీ లేదని కాదు. దానికి ఛాతీ స్కాన్ కావాలి, ఊపిరితిత్తుల డాక్టర్ చూడాలి, ఆలస్యమైతే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. పక్షులున్న ఇంట్లో దగ్గు వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కి పక్షుల సంగతి మీరే చెప్పండి, వాళ్ళు అడగాలని చూడకండి.

ఎడిటర్ గారూ, మీకు నేను అడిగేది రెండే. ఆ లైనుకి సవరణ వేయండి, జంతువుని పంపే ముందు డాక్టర్‌కి చూపించి అలర్జీ దేనికో తేల్చుకోండి అని. రెండోది, ప్రిక్ టెస్ట్ ఏ జిల్లాలో ఏ ప్రభుత్వ ఆస్పత్రిలో ఏ రోజు చేస్తారో మీ విలేకరులతో కనుక్కుని ఒక లిస్ట్ వేయండి, 6,500 పెట్టి పుస్తకం కొనుక్కోలేని వాళ్ళ పిల్లలకీ ముక్కు కారుతుంది. ఈ ఉత్తరంతో పాటు మా బాబు నోట్‌బుక్ మూడు పేజీలు ఫోటో తీసి పంపుతున్నా, తారీఖు, టైము, ఏ గది, ఏం చేస్తుండగా, ఏ మందు, ఎన్ని తుమ్ములు అని ఆరు గళ్ళు గీసుకున్నాం. పేరు కనపడకుండా వేసుకోండి, ఎలా రాయాలో చూసి ఎవరైనా మొదలుపెట్టుకుంటారు.

ఇట్లు
మీ పాఠకురాలు, తెనాలి